జాతీయ ఉద్యానాలు – నగర జీవనం

మూసీనదికి ఉత్తరాన ఉన్న బేగంబజారు హైదరాబాదులోని పురాతన టోకు వర్తక కేంద్రాలలో ఒకటి. సుగంధద్రవ్యాలు, ఎండుఫలాలు, వంటపాత్రలతో పాటు కుంకుళ్లు, శీకాయ, కరక్కాయ, తేనె వంటి అడవి సరకులు కూడా అక్కడి దుకాణాలలో తక్కెడకెక్కుతాయి. వాటి వెల వర్తకునికి తెలుసు. వాటిని ప్రసాదించిన అడవి విలువను తూచగల తక్కెడ మాత్రం ఏ బజారులోనూ లభించదు.

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన మహావరద నగరానికి చెట్టు విలువను తెలియజేసింది. బేగంబజారుకు చేరువలో ఉన్న అఫ్జల్‌గంజ్‌లో ఒకే ఒక చింతచెట్టు కొమ్మలను ఆశ్రయించి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారు. ఆ వరద దరిమిలా మూసీపై ఉస్మాన్‌సాగర్, ఈసీపై హిమాయత్‌సాగర్ జలాశయాలు నిర్మితమయ్యాయి. వాటికి సమీపంలో, చిలుకూరు వద్ద మృగవని జాతీయ ఉద్యానం ఉన్నది. చెట్ల వేళ్లు, రాలిన ఆకులు వాననీటి వేగాన్ని తగ్గించి, దానిని నేలలోకి ఇంకింపజేస్తాయి. మట్టి కొట్టుకొనిపోకుండా కాపాడతాయి. ఆనకట్ట నీటిని నిలుపుతుంది. అడవి ఆ నీటికి ఆధారమైన నేలను నిలుపుతుంది.

ప్రపంచంలో మొదటి జాతీయ ఉద్యానం 1872లో అమెరికాలోని ఎల్లోస్టోన్ వద్ద ఏర్పడింది. మనదేశంలో మొదటిది 1936లో ఏర్పడిన నేటి జిమ్ కార్బెట్ ఉద్యానం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇటువంటి ఉద్యానాలలో వేటను, పశువుల మేతను నిషేధించింది. తెలంగాణలోని మూడు జాతీయ ఉద్యానాలూ హైదరాబాదు పరిసరాలలోనే ఉండడం విశేషం. వాటిలో వనస్థలిపురం చెంత ఉన్న హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేటస్థలం. వర్ధమాన మహావీరుని 2500వ నిర్వాణోత్సవాల స్మృత్యర్థం 1975లో దానికి ఆయన పేరు పెట్టారు. కృష్ణజింకలను వేటాడిన చోటే వాటికి అభయారణ్యమైంది. జూబిలీహిల్స్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానం 1998లో జాతీయ ఉద్యానమైంది. నాలుగు వందల ఎకరాలకు మించని ఆ వనంలో నేటికీ నెమళ్లు సంచరిస్తున్నాయి.

అయితే చట్టం హద్దులు గీయగలదేగాని, హద్దు వెలుపలి ప్రపంచాన్ని ఆపలేదు. చుట్టూ ఇళ్లు, రహదారులు పెరిగినకొద్దీ ఉద్యానం ద్వీపంలా ఒంటరిదవుతుంది. లోపలి జంతువులు ఇతర మందలతో కలియలేవు. తరాలు గడిచేకొద్దీ రక్తసంబంధం గల వాటి మధ్యనే సంతతి కలిగి, జాతి బలహీనపడే ప్రమాదం ఉంది. వేసవి మంటలు, స్థానిక గడ్డిని అణచివేసే పరదేశపు మొక్కలు, గతితప్పుతున్న వానలు ఈ ప్రమాదాన్ని మరింత పెంచుతాయి.

బ్రహ్మానందరెడ్డి ఉద్యానం చుట్టూ ఉన్న కూడళ్లలో వంతెనలు నిర్మించాలన్న ప్రతిపాదనను 2016లో అనేకమంది పౌరులు వ్యతిరేకించారు. రద్దీ తగ్గాలన్న కోరిక న్యాయమైనదే. చెట్లు మిగలాలన్న కోరికా న్యాయమైనదే. 2020లో కేంద్ర ప్రభుత్వం ఆ ఉద్యానం చుట్టూ నిర్ణయించిన పర్యావరణ సున్నిత మండలం కొన్నిచోట్ల 3 మీటర్ల వెడల్పు మాత్రమే కలిగి ఉంది. ఎక్కడా 30 మీటర్లు దాటదు. నగరం వనానికి విడిచిన జాగా ఎంత స్వల్పమో దీనివల్ల గ్రహించవచ్చు.

బజారుకూ వనానికీ దూరం ఎక్కువని భావించరాదు. దుకాణంలో క్షణకాలం ఉపయోగపడిన ప్లాస్టిక్ సంచి గాలికి ఎగిరి, కాలువలో కొట్టుకొనిపోయి, ఆహారమనే భ్రమతో జింక నోటికి చేరవచ్చు. 2022 జూలై 1 నుండి ఒకసారి వాడి పారవేసే పలు ప్లాస్టిక్ వస్తువులను దేశమంతటా నిషేధించారు. కాని కొనేవారు గుడ్డసంచితో బయలుదేరినప్పుడే ఆ నిషేధం సార్థకమవుతుంది.

నరికిన చెట్టుకు బదులు మొక్క నాటవచ్చు. కాని ఆ చెట్టు నీడలో అల్లుకొన్న పొదలను, పురుగులను, పక్షులను, వాటి పరస్పర బంధాలను ఒక వానకాలంలో తిరిగి సృష్టించడం ఎవరికీ సాధ్యం కాదు. ఉన్న వనాన్ని ఉన్నచోటనే కాపాడుకోవడం, వనాల మధ్య పచ్చని దారులను నిలుపుకోవడం నేటి తరం కర్తవ్యం. పూర్వులు నాటిన చింతచెట్టు తమకు తెలియని తరాన్ని వరద నుండి రక్షించింది. రాబోయే తరానికి అటువంటి ఆసరాను అందించడమే జాతీయ ఉద్యానాల పరమార్థం.