లైసెన్సు అమ్మిపెట్టేవాడికి, జాగ్రత్త కొనేవాడికి

ప్రశ్న: అన్నా, మాది నారాయణఖేడ్ దగ్గర బోరంచ. పటాన్‌చెరులో కంపెనీ ఉద్యోగం చేస్తున్నా. కూడబెట్టిన ఆరు లక్షలతో 161వ జాతీయ రహదారి వైపు ఒక ప్లాటు కొని, నాలుగేళ్లాగి అమ్మి, ఆ డబ్బుతో ఇంకోటి కొంటూ పోవాలని నా ఆలోచన. డల్లాస్‌లో ఉన్న మా బావ ‘ముందు రియల్ ఎస్టేట్ లైసెన్సు తీసుకో, లోపలి సంగతులన్నీ తెలుస్తాయి, కమీషనూ మిగులుతుంది’ అంటున్నాడు. బ్రోకర్ అన్న పేరు మనకొద్దని నాన్న పట్టుబడుతున్నాడు. ఈలోగా ఒక వెంచర్‌వాళ్లు పదిమందికి ప్లాట్లు అమ్మిపెట్టమన్నారు. ఊళ్లో ఇద్దరు రైతులు తమ పొలాలకు బేరం చూడమన్నారు. లైసెన్సు తీసుకోమంటారా?
– ఒక పాఠకుడు, బోరంచ

జవాబు: తమ్ముడూ, నీ డబ్బుతో నీ పేరున భూమి కొనడానికి, తర్వాత దాన్ని అమ్ముకోవడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి) చట్టం నమోదు చేయించుకోమన్నది ఏజెంట్లను. అంటే రెరాలో నమోదైన ప్రాజెక్టుల్లో ఇతరుల తరఫున అమ్మిపెట్టేవాళ్లను, కొనిపెట్టేవాళ్లను. వెంచర్‌వాళ్ల మాటకు ఒప్పుకుంటే నువ్వూ ఆ లెక్కలోకే వస్తావు. నమోదు లేకుండా ఆ పని చేస్తే రోజుకు 10,000 రూపాయల చొప్పున, ఆస్తి విలువలో 5 శాతం దాకా జరిమానా పడొచ్చు.

బావ చెప్పింది ఆయనుండే టెక్సాస్‌కు సరిపోయే మాట. అక్కడ 180 గంటల పాఠాలు పూర్తిచేసి, పరీక్ష గట్టెక్కితేగానీ లైసెన్సు రాదు. మన పక్కనున్న మహారాష్ట్ర కూడా 2023లో ఏజెంట్లకు శిక్షణ, పరీక్ష ఉండాలని ఆదేశాలిచ్చింది. తెలంగాణలో ఏజెంటు నమోదంటే దరఖాస్తు, పత్రాలు, రుసుము. అది చేతికొచ్చినంత మాత్రాన భూమి మంచిచెడ్డలు తెలియవు.

అవి తెలియాలంటే కాగితం పట్టుకుని నేల మీదికి వెళ్లాలి. పొలమైతే ప్రభుత్వ భూభారతి పోర్టల్‌లో సర్వే నంబరు కొట్టి పట్టాదారెవరో, నిషేధిత జాబితాలో ఉందో లేదో చూడు. పేదలకు ప్రభుత్వమిచ్చిన అసైన్డ్ భూమిని అమ్మడం, కొనడం 1977 చట్టం ప్రకారం చెల్లదు. మీది మంజీర ఒడ్డు గనక సింగూరు ప్రాజెక్టు ముంపు కింద ఆ సర్వే నంబరులో ఎంత పోయిందో తహసీల్దారు ఆఫీసులో అడుగు. పాత దస్తావేజులో నాలుగు హద్దులు రాసి ఉంటాయి. తూర్పున ఎవరి పేరుందో చదివి, ఆ రైతును వెంటబెట్టుకుని గట్టు మీదికి వెళ్లు. అతను చూపించిన హద్దు, అమ్మేవాడు చూపించిన హద్దు ఒకటి కాకపోతే సర్వే అయ్యేదాకా బయానా ఇవ్వకు.

వెంచర్ అయితే లేఅవుట్ అనుమతి నంబరు, రెరా నంబరు అడిగి తీసుకుని నువ్వే సరిచూసుకో. ‘నంబరు వస్తది, ముందు కట్టండి’ అంటే అక్కడ ప్లాటు కొననూ వద్దు, అమ్మిపెట్టనూ వద్దు. నువ్వు తెచ్చే ఆ పదిమంది ఎవరు? మేనమామలు, దోస్తులు, తోటి కార్మికులు. వాళ్లు కంపెనీని చూసి డబ్బు కట్టరు, నిన్ను చూసి కడతారు. రేపు తేడా వస్తే వచ్చి నిలదీసేదీ నిన్నే.

ఇక ఆ ఇద్దరు రైతుల సంగతి. నాకు అన్నిటికన్నా పెద్దదిగా తోస్తున్నది ఇదే. బిడ్డ పెళ్లనో, ఆసుపత్రి ఖర్చనో, ఎంతకైతే తెగనమ్ముతారో వాళ్లు నీకు చెబుతారు, నువ్వు వాళ్ల పక్షమని నమ్మి. ఆ మాట విని నువ్వే చవగ్గా కొని నాలుగు నెలల్లో రెట్టింపుకి అమ్మితే, కాగితాలన్నీ సక్రమంగా ఉన్నా అది నమ్మకద్రోహమే. మీ నాన్న భయపడుతున్నది ఆ పేరుకే. ఒక పొలానికి మధ్యవర్తిగా కూర్చుంటే దాన్ని నువ్వు కొనకు. కొనాలనుకుంటే ముందే ‘నేనే కొంటా, మీరు వేరేవాళ్లతో కూడా ధర కనుక్కోండి’ అని చెప్పు.

నా సలహా ఇది: ఇప్పుడు లైసెన్సు వద్దు. ఆరు లక్షల్లో ఇంటి అవసరాలకు కొంత పక్కన పెట్టి, మిగిలినదానికి వచ్చే ప్లాటు, కాగితాలు నువ్వే చదివి కొను. అప్పు చేసి కొనకు. భూమి అవసరానికి వెంటనే అమ్ముడుపోదు. ఆ తర్వాత కూడా మధ్యవర్తి పని మీద మనసుంటే నమోదు చేయించుకో. రుసుము వ్యక్తికి 10,000 రూపాయలు, ఐదేళ్లు చెల్లుతుంది. మొదటి కమీషన్ రూపాయి ముట్టేలోపే ఆ పని జరిగిపోవాలి.