అభిరుచి – ఆర్థిక స్వాతంత్ర్యం

ఉద్దేశం: చేతిలోని నైపుణ్యం ఆదాయంగా మారడం ఒక మెట్టు. ఆ ఆదాయంపై శ్రమించిన వ్యక్తికే అధికారం దక్కడం మరొక మెట్టు. ఈ రెండింటి నడుమ గల అంతరాన్ని నర్సాపురం లేసు, లిజ్జత్ అప్పడాల చరిత్రల ద్వారా తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మనిషి తీరిక వేళల్లో ఇష్టంతో చేసే పనిని అభిరుచి అంటారు. ఒకరికి బొమ్మలు గీయడంలో, మరొకరికి కుట్టుపనిలో, ఇంకొకరికి పచ్చళ్లు పెట్టడంలో ఆసక్తి ఉంటుంది. ప్రతిఫలాపేక్ష లేకుండా పదేపదే చేయడం వల్ల ఆ పనిలో ఓర్పు, నేర్పు అలవడతాయి. ఆ నేర్పు నలుగురికీ నచ్చి, కొందరు డబ్బిచ్చి కొనడానికి ముందుకు వచ్చినప్పుడు అభిరుచి ఉపవృత్తిగా మారుతుంది. చదువుకుంటూనో, ఉద్యోగం చేస్తూనో, ఇల్లు చక్కదిద్దుకుంటూనో సంపాదించే ఆ కొద్దిపాటి సొమ్ము వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడైనట్లు కుటుంబానికి ఆసరా అవుతుంది.

అయితే ఇల్లలకగానే పండుగ కాదు. సంపాదన వేరు, ఆర్థిక స్వాతంత్ర్యం వేరు. తన శ్రమకు వెల ఎంతో తానే నిర్ణయించుకోగలిగినప్పుడు, వచ్చిన సొమ్మును తన ఇష్టప్రకారం వినియోగించుకోగలిగినప్పుడు మాత్రమే మనిషి ఆర్థికంగా స్వతంత్రుడవుతాడు. నేర్పు ఎంత ఉన్నా ఈ అధికారం లేకపోతే శ్రమ ఒకరిది, ఫలం మరొకరిది అవుతుంది.

పశ్చిమ గోదావరి జిల్లాలోని నర్సాపురం పరిసర గ్రామాల లేసు పరిశ్రమ ఇందుకు నిదర్శనం. 19వ శతాబ్ది మధ్యకాలంలో స్కాట్లండు నుండి వచ్చిన మిషనరీలు ఇక్కడి పేద స్త్రీలకు ఈ అల్లికను నేర్పారు. కొన వంగిన చిన్న సూదితో నూలుదారాన్ని మెలివేస్తూ పువ్వులు, చక్రాలు, తీగలు అల్లడం ఈ కళలోని విశేషం. విడివిడిగా పువ్వులు అల్లడాన్ని 'చేతిపని' అనీ, వాటిని ఒకటిగా కూర్చి బల్లగుడ్డలు మొదలైనవి తయారుచేయడాన్ని 'అతుకుపని' అనీ వ్యవహరిస్తారు. ఇంటి అరుగుల మీద రూపుదిద్దుకొన్న ఈ లేసు ఓడలెక్కి విదేశాలకు చేరింది.

జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970వ దశకం చివర ఈ గ్రామాలలో పరిశోధన జరిపి, 1982లో గ్రంథాన్ని ప్రచురించారు. రోజుకు ఆరు నుండి ఎనిమిది గంటలు లేసు అల్లే స్త్రీకి దక్కే ప్రతిఫలం పొలం కూలి కంటే ఎంతో తక్కువని ఆమె వెల్లడించారు. దీనికి ముఖ్యకారణం ఆ పనిని లోకం చూసిన తీరు. లేసు అల్లే స్త్రీలను ఎవరూ కార్మికులుగా గుర్తించలేదు. వారు గృహిణులనీ, తీరిక సమయాన్ని సద్వినియోగం చేసుకొంటున్నారనీ భావించారు. తీరిక వేళల పనికి కూలి అడగడమేమిటన్న ఆలోచన ఆ స్త్రీల మనసుల్లోనూ నాటుకొంది. నూలు వర్తకుని వద్ద నుండి దళారి ద్వారా వచ్చేది. అల్లిన సరుకు అదే దారిలో తిరిగి వెళ్లేది. దూరదేశపు అంగడిలో దాని ధర ఎంతో అల్లిన చేతులకు తెలిసేది కాదు.

2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. ఇతర ప్రాంతాల సరుకును ఆ పేరుతో అమ్మకుండా ఈ గుర్తింపు రక్షణనిస్తుంది. కానీ అల్లిన వ్యక్తికి న్యాయమైన వాటా అందాలంటే ఈ గుర్తింపు ఒక్కటే చాలదు. ధర నిర్ణయంలో ఆమెకూ చోటుండాలి.

ఇంటి పట్టున చేసే మరొక సామాన్యమైన పని వేరొక చోట వేరొక ఫలితాన్నిచ్చింది. 1959 మార్చి 15వ తేదీన బొంబాయి నగరంలోని గిర్‌గావ్ ప్రాంతంలో ఏడుగురు గుజరాతీ స్త్రీలు తాము నివసించే భవనం మేడమీద అప్పడాలు ఒత్తడం ప్రారంభించారు. వారి పెట్టుబడి ఛగన్‌లాల్ కరమ్‌సీ పారేఖ్ అనే సంఘసేవకుని వద్ద అప్పుగా తీసుకొన్న 80 రూపాయలు. మొదటి రోజున తయారైనవి నాలుగు పొట్లాలు. అవే నేటి శ్రీ మహిళా గృహ ఉద్యోగ్ లిజ్జత్ పాపడ్ సంస్థకు బీజాలు. నేడు అందులో సుమారు 45,000 మంది స్త్రీలు సభ్యులు. స్థాపకులలో ఒకరైన జస్వంతీబెన్ జమ్నాదాస్ పోపట్‌కు 2021లో పద్మశ్రీ పురస్కారం లభించింది.

ఈ విజయానికి మూలం రుచి ఒక్కటే కాదు. ప్రారంభంలో వారు మేలురకం, చౌకరకం అని రెండు విధాల అప్పడాలు చేయదలచగా, నాణ్యతలో రాజీపడవద్దనీ, ప్రతి పైసాకూ లెక్క రాయాలనీ పారేఖ్ హితవు చెప్పారు. నష్టం వచ్చినా విరాళాలు స్వీకరించరాదని ఆ స్త్రీలు నియమం పెట్టుకొన్నారు. సభ్యురాలు కేంద్రం నుండి కలిపిన పిండిని ఇంటికి తీసుకొనిపోయి, అప్పడాలు ఒత్తి, ఆరబెట్టి మరునాడు అప్పగిస్తుంది. ఒత్తిన తూకానికి తగిన కూలి పొందుతుంది. సభ్యులందరూ యజమానులే, లాభంలోనే గాక నష్టంలోనూ వారు భాగస్వాములు.

నర్సాపురం స్త్రీ నేర్పులో ఎవరికీ తీసిపోదు. నిజానికి లేసు అల్లడం అప్పడం ఒత్తడం కంటే సున్నితమైన కళ. ఇద్దరూ ఇంటినే కార్యశాలగా చేసుకొన్నారు. భేదమంతా పద్దుపుస్తకం ఎవరి చేతిలో ఉన్నదన్న విషయంలోనే ఉంది.

ఈ సత్యం చిన్న ఉపవృత్తికి కూడా వర్తిస్తుంది. ఒక విద్యార్థిని రవికెలపై దారంతో, పూసలతో పూలు కుడుతుందనుకొందాం. ఒక రవికెకు 400 రూపాయలు తీసుకొంటుంది. దారం, పూసలకు 110, రాకపోకలకు 30, ఇతర ఖర్చులకు 10 పోగా 250 రూపాయలు మిగులుతాయి. దానిని ఆమె లాభమని తలచవచ్చు. కానీ ఆ పనికి పది గంటలు పట్టిందంటే, గంటకు 25 రూపాయలు మాత్రమే గిట్టుబాటయినట్లు. అదే పనిని మరొకచోట గంటకు 40 రూపాయల కూలికి చేసి ఉంటే 400 రూపాయలు వచ్చేవి. అనగా ఆమెకు మిగిలింది లాభం కాదు. తన కూలిలోనే 150 రూపాయలు తగ్గించుకొని కుట్టిందన్నమాట. ముడిసరుకు ఖరీదుతోపాటు తన సమయం ఖరీదును కూడా ధరలో చేర్చేవారే ఉపవృత్తిలో నిలదొక్కుకోగలరు.

పెట్టుబడి విషయంలోనూ మెలకువ అవసరం. 1990వ దశకం తొలినాళ్లలో సారా వ్యతిరేకోద్యమం సాగించిన నెల్లూరు జిల్లా స్త్రీలు, ఆ తరువాత రోజుకొక రూపాయి చొప్పున దాచి 'పొదుపులక్ష్మి' బృందాలుగా ఏర్పడ్డారు. బొట్టుబొట్టుగా కూడిన ఆ సొమ్ము వారికి వడ్డీ వ్యాపారి గడప తొక్కే అవసరాన్ని తగ్గించింది. 2015లో ప్రారంభమైన ముద్రా పథకం కింద 'శిశు' విభాగంలో 50,000 రూపాయల వరకు బ్యాంకులు రుణమిస్తాయి. అయితే అప్పు ఆదాయం కాదు; తిరిగి తీర్చవలసిన బాధ్యత. ముందుగా కొద్ది సరుకు చేసి, అమ్మి, కొనేవారి అభిరుచిని గ్రహించిన పిదపనే అప్పు గురించి ఆలోచించడం వివేకం. ఆహార పదార్థాలు అమ్మదలచినవారు 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ప్రకారం తమ వ్యాపారాన్ని నమోదు చేయించుకోవాలి.

ప్రతి అభిరుచినీ అంగడికెక్కించవలసిన అవసరం లేదు. గడువులు, బేరసారాలు మొదలయ్యాక కొందరికి అదే పని భారమవుతుంది. మనసుకు విశ్రాంతినిచ్చే పనిని అలాగే మిగుల్చుకోవడం కూడా లాభమే. అమ్మాలని నిశ్చయించుకొన్నవారు మాత్రం 'ఖాళీగా ఉన్నప్పుడు చేసిందే కదా' అని తమ శ్రమను తామే తక్కువ చేసుకోరాదు. తన శ్రమకు తానే వెల కట్టనివారికి ఇతరులు కట్టే వెల ఎప్పుడూ తక్కువగానే ఉంటుంది. సూది పట్టిన చేయి కలం పట్టి పద్దు రాయడం నేర్చిన నాడు అభిరుచి కాలక్షేపంగా మిగలక, మనిషిని తన కాళ్లమీద తాను నిలబెట్టే జీవనాధారమవుతుంది.

ప్రశ్నలు

1. నర్సాపురం లేసు కార్మికులకు, లిజ్జత్ సంస్థ సభ్యులకు మధ్య గల పోలికలను, భేదాలను వివరించండి.
2. 'అప్పు ఆదాయం కాదు' – ఈ వాక్యాన్ని సమర్థిస్తూ రాయండి.
3. 'చేతిపని', 'అతుకుపని' అనగా నేమి?
4. మీకు తెలిసిన ఒక చేతివృత్తి వస్తువును ఎన్నుకొని, ముడిసరుకు, సమయం, ఇతర ఖర్చులు లెక్కించి దానికి తగిన ధరను నిర్ణయించండి.