లెక్క తీయడానికీ ఓ లెక్కుంది

వరి దిగుబడి ఎంతో ప్రభుత్వం ఎలా చెబుతుంది? పంట కోత ప్రయోగంతో. యాదృచ్ఛికంగా ఎంపికైన మడిలో ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు కొలిచి తాడు కడతారు. అంతమేరా కోసి, నూర్చి, గింజలు తూకం వేస్తారు. పంటల బీమా పరిహారం దాకా ఆ తూకం ప్రభావం ఉంటుంది. కానీ మడి దాకా వెళ్లే మనిషికి జీతం, శిక్షణ, దారి ఖర్చులు కావాలి కదా!

ఈ ఇబ్బంది గుర్తించిన 13వ ఆర్థిక సంఘం (2010–15) గణాంక వ్యవస్థల మెరుగుదలకు జిల్లాకు కోటి చొప్పున రూ.616 కోట్లు సిఫారసు చేసింది.

గణాంకాల ఖర్చుల్లో అన్నిటికన్నా పెద్ద పద్దు జనగణనదే. 2021 జనగణనకు కేంద్ర మంత్రివర్గం 2019 డిసెంబరులో రూ.8,754.23 కోట్లు ఆమోదించింది. కొవిడ్‌తో అది ఆగిపోయింది. 2027 జనగణనకు 2025 డిసెంబరులో ఆమోదించిన మొత్తం రూ.11,718.24 కోట్లు. సిబ్బంది సుమారు 30 లక్షలు!

పోటీ పరీక్షల అభ్యర్థులు తడబడేది ఇక్కడే: జనగణన కేంద్ర జాబితాలో 69వ అంశం, నిర్వహణ హోం శాఖది, గణాంక శాఖది కాదు. ఎంపీల స్థానిక ప్రాంత అభివృద్ధి పథకం (ఎంపీ లాడ్స్) మాత్రం, విచిత్రంగా, గణాంక శాఖ చేతిలో ఉంది. గణాంక వ్యవస్థను సమీక్షించిన రంగరాజన్ కమిషన్ సిఫారసుతో జాతీయ గణాంక కమిషన్ 2006లో ఏర్పడింది. అది చట్టంతో కాదు, ప్రభుత్వ తీర్మానంతో పుట్టిన సంస్థ.