పాత బ్యాటరీ వించిని బాగు చేసుకునే విధానం

పాల వ్యానులకు, జీపులకు ముందు భాగాన బిగించే బ్యాటరీ వించిలు ఈ మధ్య కొన్ని సంఘాలకు సెకండు హ్యాండులో చేరుతున్నాయి. వానాకాలంలో నల్లరేగడి దారిన క్యాన్ల వ్యాను ఇరుసు దాకా దిగబడిందంటే, ట్రాక్టరు కోసం కబురు పంపి ఎదురుచూసేలోగా పాలు పులుపెక్కుతాయి. పితికిన పాలు మూడు నాలుగు గంటలలో శీతలీకరణకు చేరకపోతే నష్టపోయేది సభ్యులే. కనుక వించి కావాలనుకోవడం దుబారా కాదు. కొత్తది కొనే స్తోమత లేనప్పుడు పాతది కొనడమూ తప్పు కాదు. కాని కొన్నదాన్ని కొన్నట్టే బిగించి వాడడం మాత్రం తగదు.

అమ్మేవాడు సాధారణంగా చూపించేది ఒక్కటే. రెండు తీగలు బ్యాటరీకి ఆనించి మీట నొక్కుతాడు. డ్రమ్ము గిర్రున తిరుగుతుంది. చూసినవారు తృప్తిపడి పైకం లెక్కపెడతారు. అయితే వించి చేయవలసిన పనులు రెండు. ఒకటి లాగడం, రెండవది లాగిన బరువును జారనివ్వకుండా పట్టి నిలపడం. డ్రమ్ము తిరగడం వల్ల మొదటి పనిలో కొంత భాగమే రుజువవుతుంది. రెండవదాని సంగతి అసలు తెలియదు. ప్రాణాలకు ముప్పు తెచ్చేది ఆ రెండవదే.

సంఘాల వాహనాలకు సరిపోయే రకం 12 వోల్టులతో నడిచి 8,000 పౌన్లు, అంటే సుమారు 3,600 కిలోల మేర లాగేది. దాన్నే దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాము. దీనిలో ఒక చివర మోటారు, మరొక చివర గేర్ల పెట్టె, నడుమ తాడు చుట్టే డ్రమ్ము ఉంటాయి. మోటారు 200 పైచిలుకు చుట్లు తిరిగితే డ్రమ్ము ఒక్క చుట్టు తిరిగేటట్లు గేర్లు అమర్చిన వించిలు ఉన్నాయి. అంత తగ్గింపు ఉన్నా ఈ ప్లానెటరీ గేర్లు బరువును తమంతట తాము ఆపలేవు. మోటారు ఆగగానే బరువు వెనక్కు లాగితే అవి ఎదురు తిరుగుతాయి. ఆపేది డ్రమ్ము లోపల దాగి ఉన్న బ్రేకు. పైకి కనబడదు గనుక దాని మాట ఎవరికీ గుర్తు రాదు. వార్ము గేరు రకంలో మాత్రం గేరే చాలావరకు పట్టి ఉంచుతుంది.

విప్పేటప్పుడు ముందుగా బ్యాటరీ తీగలు తీసివేయాలి. తాడు మొత్తం విప్పి పక్కన పెట్టాలి. మోటారుకు, గేర్ల పెట్టెకు, చట్రానికి అడ్డంగా సుద్దతో ఒక గీత గీస్తే తిరిగి కలిపేటప్పుడు ఏది ఎటు ఉన్నదో వెతుక్కోనక్కర లేదు. విప్పిన బోల్టులు, వాషర్లు వరుస తప్పకుండా పాత క్యాను మూతలో పెట్టుకోండి. గేర్లను కిరసనాయిలుతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, పళ్ళు చూడాలి. విరిగిన పన్ను, గుంటలు పడిన పన్ను ఉంటే ఆ గేరు మార్చవలసిందే. వెల్డింగు పెట్టించి రుద్దించుకునే పద్ధతి మన పల్లెల్లో ఉన్నది. ఇక్కడ అది పనికిరాదు. తరువాత లిథియం గ్రీజు పళ్ళ నిండా అంటేటట్లు పూయాలి. పెట్టె నింపి కుక్కనవసరం లేదు.

బ్రేకు సంగతి వేరు. డ్రమ్ములో ఉండే బ్రేకు పొడిగా పనిచేసేది. చేతికి గ్రీజు ఉన్నదిగదా అని దానికీ పూస్తే ఇక అది బ్రేకు కాదు. రాపిడి తలం అద్దంలా నునుపు దేరినా, నీలి రంగు తిరిగి మాడినట్లున్నా, స్ప్రింగు సాగినా బ్రేకు మొత్తం కొత్తది వేయించాలి. వించి బాగు చేయడంలో ఖర్చుకు వెనుకాడరాని చోటు ఇదే. రంగు వేయించే డబ్బు మిగుల్చుకుని దీనికి పెట్టండి.

మోటారులో కార్బను బ్రష్షులు సగానికి మించి అరిగితే మార్చాలి. కమ్యుటేటరును సన్నని ఉప్పు కాగితంతో రుద్ది, రాగి పలకల నడుమ గాడులలో చేరిన బొగ్గుపొడిని గీకివేయాలి. ఎమరీ కాగితం వాడవద్దు. దాని రజను విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. ఆర్మేచరు బయటకు తీసినప్పుడు కమ్యుటేటరుకూ ఇరుసుకూ మధ్య టెస్టు ల్యాంపు పెట్టి చూడండి. దీపం వెలిగితే చుట్ట మాడినట్లు. మళ్ళీ చుట్టించడమా, మానుకోవడమా అన్నది అప్పుడే తేల్చుకోవాలి. ఇరుసు వద్ద సీలు పాడై నీళ్ళు చేరిన మోటారులు చాలా కనబడుతున్నాయి. సీలు వెల స్వల్పం, మార్చివేయండి.

ఇక సోలినాయిడ్లు. మీట నొక్కినప్పుడు అసలు కరెంటును కలిపేవి, విడదీసేవి ఇవే. పాతబడిన కొద్దీ లోపలి రాగి ముఖాలు నిప్పురవ్వలకు కరిగి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అప్పుడు మీట వదిలినా డ్రమ్ము ఆగదు. మేము తనిఖీకి వెళ్ళిన ఒక సంఘంలో ఇదే జరిగింది. డ్రైవరు తాడు వరుసగా చుట్టుకోవాలని ఎడమ చేత్తో సర్దుతూ కుడి చేత్తో మీట వదిలాడు. డ్రమ్ము తిరుగుతూనే ఉన్నది. రెండు వేళ్ళు తాడుతో పాటు డ్రమ్ములోకి పోయాయి. పక్కనున్నవారు బ్యాటరీ తీగ పీకేసరికి జరగవలసింది జరిగిపోయింది. ఆ వించి కొనుగోలుకు కమిటీ తీర్మానం లేదు, బిల్లు లేదు. వైద్యం ఖర్చు ఏ పద్దులో రాయాలో కార్యదర్శికి తోచలేదు.

అందుచేత పాత సోలినాయిడ్లను నమ్మవద్దని మా సలహా. కొత్తవి వేయించండి. వాటితో పాటు బ్యాటరీకి దగ్గరగా, చేతికి అందేటట్లు, పెద్ద కట్-ఆఫ్ స్విచ్చి ఒకటి పెట్టించండి. బరువు నిండుగా ఉన్నప్పుడు ఈ మోటారు 400 ఆంపియర్ల వరకు తీసుకుంటుంది. ఇంటి వైరింగు తీగ సరిపోదు. 35 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని రాగి కేబులు వాడాలి. ఇంజను ఆన్‌లో ఉంచి, నిండు బరువు మీద ఒక నిమిషం లాగిన తరువాత కాసేపు ఆపాలి. మోటారు మీద చెయ్యి ఆనించలేనంత వేడెక్కితే చల్లారే దాకా పని మానాలి.

తాడును పాతదానితో సరిపెట్టుకోవద్దు. 8 మిల్లీమీటర్ల ఉక్కు తాడు ఒకచోట ముడిపడి మెలి తిరిగినా, తీగలు తెగి ముళ్ళలా లేచినా, పదోవంతు సన్నబడినా తీసివేయవలసిందే. బరువు మీద తెగిన ఉక్కు తాడు కొరడాలా విసురుగా వస్తుంది. దాని దారిలో ఉన్న కాలు గానీ మెడ గానీ మిగలదు. లాగేటప్పుడు తాడు మధ్యన తడిపిన గోనెసంచి వేయండి. జనాన్ని తాడు పొడవుకు మించిన దూరంలో నిలపండి. తోలు తొడుగులు లేకుండా తాడు ముట్టవద్దు. డ్రమ్ము మీద కనీసం అయిదు చుట్లు ఎప్పుడూ మిగలాలి.

వించి మీద రాసి ఉన్న బలం డ్రమ్ముకు ఆనిన మొదటి పొరకే వర్తిస్తుంది. పొర పెరిగిన కొద్దీ లాగుడు తగ్గుతుంది. కనుక దగ్గర చెట్టుకు కట్టడం కన్నా దూరపు చెట్టుకు కట్టడం మేలు. ఇంకా బలం కావాలంటే మధ్యలో కప్పీ వేసి తాడును మళ్ళించాలి. వేగం సగమవుతుంది, లాగుడు దాదాపు రెట్టింపవుతుంది. చెట్టుకు ఉక్కు తాడు చుట్టవద్దు, వెడల్పాటి నైలాను పట్టా వాడండి. చెట్టు బెరడూ దక్కుతుంది, తాడూ మెలి పడదు.

అన్నీ బిగించాక పరీక్ష. ఖాళీ వాహనాన్ని చిన్న ఎగువ మీద నిలిపి, పైన ఉన్న బలమైన చెట్టుకు కట్టి, వించితోనే రెండు గజాలు పైకి లాక్కోనివ్వండి. వెనుక చక్రాలకు జానెడు దూరంలో దిమ్మలు పెట్టాలి. వెనుక ఎవరూ ఉండరాదు. డ్రైవరు సీట్లో ఉండి, గేరు న్యూట్రలులో పెట్టి, కాలి బ్రేకు మెల్లగా వదలాలి. డ్రమ్ముకూ చట్రానికీ కలిపి సుద్దగీత గీసి పది నిమిషాలు చూడండి. మొదట కొద్దిగా సర్దుకోవడం సహజం. ఆ తరువాత గీత జరుగుతూ ఉంటే బ్రేకు పనికిరాదన్నమాట. ఈ పరీక్ష నెగ్గని వించిని ఎంత ఖర్చు పెట్టినా వాడకానికి ఇవ్వరాదు.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఇది నేల మీద లాగే సాధనమే గాని పైకెత్తే సాధనం కాదు. బల్క్ కూలరును అరుగు మీదికి ఎత్తడానికీ, పాడుబడిన బావిలో పడిన గేదెను తీయడానికీ దీన్ని వాడదామని అడిగినవారు ఉన్నారు. గేదె మీద జాలి మాకూ ఉన్నది. కాని బావిలోకి దిగి పట్టాలు కట్టే మనిషి నెత్తిన ఆ బరువు వేలాడుతుంది. పైగా బరువుతో కిందికి దింపేటప్పుడు ఈ బ్రేకు రాపిడికి కాలిపోతుంది. అందుకు చెయిన్ పుల్లీ, అగ్నిమాపక కేంద్రం ఉన్నాయి. ఫోను నంబరు 101.

వాహనం ముందు బిగించే ముందు రవాణా కార్యాలయంలో విచారించండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఇష్టమొచ్చిన మార్పులు కుదరవు. బంపరుకు అదనంగా పెట్టే ఇనుప గార్డులపై చర్య తీసుకోమని 2017 డిసెంబరులో కేంద్రం రాష్ట్రాలకు రాసింది కూడా.

కొనుగోలుకు తీర్మానం, బిల్లు, విడిభాగాల ఓచర్లు, స్టాకు రిజిస్టరులో నమోదు తప్పనిసరి. వాహనం లాగ్ బుక్కులోనే ఒక పేజీ వించికి కేటాయించి, వాడిన తేదీ, తాడు స్థితి, సుద్దగీత పరీక్ష ఫలితం డ్రైవరు చేత రాయించి సంతకం చేయించండి. పరీక్షను ఏటా వానలకు ముందు, మే నెలలో మళ్ళీ జరపాలి.