చూపు నేర్పే చదువు

మన పూర్వులు పేర్కొన్న చతుష్షష్టి కళలలో చిత్రలేఖనం ‘ఆలేఖ్యం’ అనే పేరుతో స్థానం పొందింది. అంతటి కళను పాఠ్యవిషయంగా ఎంచుకుంటానన్న పదహారేళ్ల విద్యార్థికి నేడు ఇంట్లో ఎదురయ్యే మొదటి ప్రశ్న “బొమ్మలు కూడు పెడతాయా?” అన్నదే. ఆ ప్రశ్నను తేలికగా త్రోసిపుచ్చరాదు. అయితే సమాధానం చెప్పే ముందు ఆ చదువులో ఏమున్నదో తెలుసుకోవాలి.

సి.బి.ఎస్.ఇ. విధానంలో పదకొండు, పన్నెండు తరగతుల విద్యార్థులు చిత్రకళను ఐచ్ఛిక విషయంగా చదువుకోవచ్చు. ముద్రణచిత్రాలకు ‘గ్రాఫిక్స్’ అనే వేరొక విషయం ఉంది. చిత్రకళలో 100 మార్కులకు కళాచరిత్ర పరీక్షకు 30, ప్రయోగానికి 70. ప్రయోగంలో ఎదుట ఉంచిన వస్తువులను చూచి చిత్రించడానికి 25, స్వయంగా కల్పించిన చిత్రానికి 25, ఏడాది పొడవునా చేసిన పనికి 20 మార్కులు కేటాయిస్తారు. బట్టీపట్టి గట్టెక్కే వీలు ఇందులో తక్కువ. మట్టికుండను గీయమంటే మనం సాధారణంగా గీసేది మనస్సులోని కుండనే గాని, ఎదుట ఉన్న కుండను కాదు. దాని అంచుపై వెలుగు ఎక్కడ పడిందో, నీడ ఏ వైపు వాలిందో కనిపెట్టడమే తొలి పాఠం.

ముద్రణచిత్రం మరింత కఠినమైన గురువు. కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ వస్త్రాలపై చెక్క అచ్చులు అద్దడం మీలో కొందరు చూచి ఉంటారు. లినోలియం పలకపై చెక్కే చిత్రానికీ అదే సూత్రం. చెక్కివేసిన భాగం కాగితంపై తెల్లగా మిగులుతుంది. చెక్కక విడిచిన భాగమే సిరాను అందుకుంటుంది. ముద్రించినప్పుడు కుడి ఎడమ అవుతుంది. కాబట్టి అక్షరాలను అద్దంలో కనబడినట్లు తిప్పి చెక్కాలి. పెన్సిలు గీతను చెరపవచ్చు. ఉలి గాటును చెరపలేము. ఆలోచించిన పిదపనే చేయి కదపాలనే నీతి అక్కడ ప్రతి గాటులోనూ అనుభవానికి వస్తుంది.

ఈ కళలో అంతర్జాతీయ ఖ్యాతి పొందినవారు మనలోనూ ఉన్నారు. చిత్తూరు జిల్లాలో 1925లో జన్మించిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లోని ‘అతెలియే 17’ ముద్రణశాలలో పనిచేశారు. నూనె పాళ్లు మార్చి చిక్కదనంలో తేడా తెస్తే సిరాలు ఒకదానితో ఒకటి కలిసిపోవు. ఆ గుణాన్ని ఆధారం చేసుకొని, ఒకే లోహపు పలకపై పలు రంగులు పూసి ఒకేసారి ముద్రించే పద్ధతిని తీర్చిదిద్దిన వారిలో ఆయన ముఖ్యులు. 1940లో నాటి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో జన్మించిన కె. లక్ష్మాగౌడ్ హైదరాబాదులోనూ, బరోడాలోనూ చదివి, పల్లెటూరి మనుషులను, మేకలను, చెట్లను లోహపు పలకలకెక్కించారు. చిన్ననాట చూచిన పల్లెయే ఆయనకు తరగని పెట్టుబడి అయింది.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. ఈ చదువు అందరికీ జీవనోపాధి కాకపోవచ్చు. కోరినవారికి విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ, హైదరాబాదులో 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయంలోనూ లలితకళల పట్టా చదువులున్నాయి. మిగిలినవారికీ ఇది వ్యర్థం కాదు. రోగి ముఖాన్ని పరిశీలించే వైద్యునికి, గోడ పగులును గుర్తించే ఇంజనీరుకు కావలసినది నిలిచి చూచే కన్నే. కూడు పెట్టే ఏ విద్యకైనా ఆ కన్ను అవసరం.

ప్రశ్నలు

1. ముద్రణచిత్రం ‘కఠినమైన గురువు’ ఎట్లయింది?
2. కృష్ణారెడ్డి తీర్చిదిద్దిన ముద్రణ పద్ధతిని వివరించండి.
3. “బొమ్మలు కూడు పెడతాయా?” అనే ప్రశ్నకు మీ సమాధానం వ్రాయండి.