పొట్టి సిక్లిడ్లు, మన బోరు నీళ్లు

సిక్లిడ్ అనగానే దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఖరీదైన చేప అని మిత్రులు అనుకుంటారు. కాని కోరుట్ల చేపల మార్కెట్లో తట్టల్లో అమ్మే తిలాపియా కూడా సిక్లిడే. ఆఫ్రికాకు చెందిన దీనిని మనదేశానికి 1952లో తెచ్చారు. పక్కనే ఉన్న రోహు ముక్కు చూడండి: ఒక్కో పక్క రెండేసి రంధ్రాలు. తిలాపియాకు ఒక్కో పక్క ఒక్కటే. దాని పార్శ్వరేఖ కూడా మధ్యలో తెగి రెండు ముక్కలుగా ఉంటుంది. ఈ రెండు గుర్తులు పట్టుకుంటే జంతుశాస్త్రం ప్రాక్టికల్ సగం అక్కడే అయిపోయినట్లు.

ఈ కుటుంబంలో సుమారు 10 సెంటీమీటర్లు దాటనివాటిని పెంపకందారులు 'డ్వార్ఫ్', అనగా పొట్టి సిక్లిడ్లు అంటారు. వీటిలో అందరూ అడిగేది రామ్. వెనిజులా, కొలంబియా దేశాల ఒరినోకో నదీ ప్రాంతం దీని పుట్టిల్లు. 1948లో దీనికి శాస్త్రీయ నామం పెట్టారు. ఆడదాని పొట్ట గులాబి రంగు; మగదానికి వీపు వాజంలో ముందరి ముళ్లు పొడుగు. నైజీరియా ప్రాంతపు క్రిబెన్సిస్‌లో ఆడదే అందగత్తె, పొట్ట ఎర్రగా మెరుస్తుంది.

అసలు చిక్కు నీళ్లతోనే. రామ్‌కు మెత్తని, కొంచెం ఆమ్లగుణం గల, 27 నుంచి 30 డిగ్రీల వెచ్చని నీళ్లు కావాలె. మా జగిత్యాల దిక్కు బోరు నీళ్లల్ల పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, గిన్నెలకు తెల్లటి పొర కడుతది. సిరిసిల్ల మిత్రుడొకడు మెస్సు డబ్బులు మిగిల్చి రామ్ జంట కొన్నాడు. "ఏ నీళ్లయినా నడుస్తది" అని దుకాణదారు చెప్పాడట. వారం తిరగలేదు, రెండూ పోయినవి. అట్లా చెప్పి అమ్మడం అన్యాయమని నా అభిప్రాయం.

ఇంకొకటి, రైతుబిడ్డలకు తేలికగా అర్థమయ్యేది. పొలంలో వేసిన యూరియా మొదట అమ్మోనియా, తరువాత బాక్టీరియా వల్ల నైట్రేటు అవుతుంది. తొట్టిలో చేప విసర్జించే అమ్మోనియాకూ అదే దారి. ఆ బాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది; అందాకా చేపలు వేయరాదు. క్షారగుణం గల నీటిలో అమ్మోనియా విషం మరింత ఎక్కువ. కనుక రెండడుగుల తొట్టిలో ఒక్క జంట చాలు. వారానికి పావు వంతు నీరు మార్చాలి. కుళాయి నీరైతే క్లోరిన్ పోవడానికి ఒకరోజు తొట్టెలో తెరిచి ఉంచాలి.

రామ్ మీదే మనసుంటే వానాకాలంలో శుభ్రమైన డాబా నీళ్లు పట్టి బోరు నీళ్లలో కలుపుకోవాలి. లేదంటే మన సొంత సిక్లిడ్ ఉండనే ఉంది! దక్షిణ భారతం, శ్రీలంకలలో సహజంగా బ్రతికే ఆరెంజ్ క్రోమైడ్. ఎనిమిది సెంటీమీటర్లు, పసుపు ఒంటిమీద నల్ల మచ్చ. ఉప్పుకయ్యల్లోనూ ఉండే చేప గనుక గట్టి నీళ్లకు బెదరదు. మన మార్కెట్లో దీన్ని ఎవరూ అడగకపోవడం వింతే.

ఒక పెంకుముక్క వేస్తే జంట దానిమీద గుడ్లు పెట్టి, తల్లీతండ్రీ ఇద్దరూ కాపలా కాస్తాయి. పిల్లలు పెద్దల ఒంటిమీది జిగురును కొరుక్కు తింటాయి. కనుక పెద్దలను వెంటనే వేరుచేయవద్దు. పిల్లలు ఎక్కువైతే మిత్రులకు పంచండి, చెరువులోగాని ఎస్సారెస్పీ కాలువలోగాని వదలవద్దు. ఉడికిన గుడ్డు సొన మేపేవారు చిటికెడు మాత్రమే వేయాలి, మిగిలింది గంటలో తీసేయాలి.