డబ్బా తిప్పి చదవండి: మొహానికి రాసే క్రీముల్లో ఏముందో పోల్చుకోవడం ఎలా?

గణపవరంలో ఎరువుల కొట్టుకు వెళ్ళిన రైతు బస్తా మీద బొమ్మ చూసి కొనడు. యూరియాలో నత్రజని 46 శాతమని, డీఏపీ అంటే 18-46 అని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. పురుగుమందైతే కంపెనీ పేరు పక్కనపెట్టి ‘టెక్నికల్ (అసలు మందు) ఏంటి, ఎంత శాతం?’ అంటాడు. మొహానికి రాసే క్రీము దగ్గరికి వచ్చేసరికి మాత్రం అదే ఇంట్లో టీవీ ప్రకటన చూసో, పక్కింటివాళ్ళ మాట వినో కొనేస్తాం. రైతు బస్తాను చూసే ఆ చూపే క్రీము డబ్బాకూ కావాలి. అందుకు రసాయనశాస్త్రం చదవక్కర్లేదు. ఓ ఇరవై పేర్లు, ఒకట్రెండు లెక్కలు తెలిస్తే చాలు.

1. ముందు మీ అవసరం తేల్చుకోండి

మొహం కడుక్కుని, తుడుచుకుని, ఓ అరగంట ఏమీ రాయకుండా ఉండండి. నుదురు, ముక్కు జిడ్డెక్కితే జిడ్డు చర్మం. బుగ్గలు బిగుసుకుపోయినట్టుంటే పొడి చర్మం. కొందరికి రెండూ ఉంటాయి.

తర్వాత మీ బాధ ఒక్కటి కాగితం మీద రాసుకోండి: మొటిమలా, మంగు మచ్చలా, ఎండకు నల్లబడటమా, పొడిబారడమా? ఒక్కటే రాయండి. అన్నిటికీ ఒకే డబ్బా వెతికితే దేనికీ సరిపడనిది చేతికొస్తుంది.

మన ఊళ్ళ వాతావరణం కూడా లెక్కలోకి రావాలి. కొల్లేరు, చేపల చెరువులు, కాలవల మధ్య వేసవిలో ఉక్కపోత ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. చలి దేశాల కోసం తయారైన చిక్కటి క్రీము ఇక్కడ మొహం మీద జిడ్డుగా పేరుకుని మొటిమలు తెస్తుంది. జిడ్డు చర్మానికి జెల్, మామూలు చర్మానికి లోషన్ నప్పుతాయి. రొయ్యల ప్లాంట్లలో రోజంతా ఐసు నీళ్ళలో చేతులు నానేవాళ్ళకు, నాట్లు వేసేవాళ్ళకు మాత్రం చేతులకు, కాళ్ళకు చిక్కటిదే కావాలి.

2. పదార్థాల వరస చదవండి

డబ్బా వెనక ‘ఇంగ్రీడియెంట్స్’ అన్న చోటుకు వెళ్ళండి. మన దేశంలో 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం ఒక శాతానికి మించి ఉన్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి. ఒక శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవాటిని ఆ తర్వాత ఎలాగైనా రాయొచ్చు. మొదటి నాలుగైదు పేర్లే డబ్బాలో ఎక్కువ భాగం. మొదటి పేరు చాలావరకు ‘ఆక్వా’, అంటే నీళ్ళే.

ఆ ఒక శాతం గీత ఎక్కడుందో పట్టుకోవడానికి ఓ గుర్తుంది. ఫినాక్సీఇథనాల్ అనే పదార్థం క్రీము చెడిపోకుండా కలుపుతారు. దాన్ని ఒక శాతం దాటి వాడరు. కాబట్టి దాని తర్వాత వచ్చే పేర్లన్నీ ఒక శాతం లోపువే.

ఇప్పుడు రెండు కలబంద జెల్ డబ్బాలు పక్కపక్కన పెట్టుకున్నారనుకోండి. మొదటిదాని వెనక ఇలా ఉంది: నీళ్ళు, గ్లిజరిన్, కార్బోమర్, ఫినాక్సీఇథనాల్, పరిమళం, కలబంద, సీఐ 19140, సీఐ 42090. రెండోదాని వెనక: కలబంద రసం, గ్లిజరిన్, కార్బోమర్, ఫినాక్సీఇథనాల్. మొదటి డబ్బాలో కలబంద ఒక శాతం కూడా దాటదు. చివరి రెండు నంబర్లు పసుపు, నీలం రంగులు. రెండూ కలిస్తే ఆకుపచ్చ. కలబంద మట్ట చీల్చి చూస్తే లోపలి గుజ్జుకు రంగే ఉండదు. పచ్చగా మెరిసే జెల్ ఎక్కువ సహజమైనదనుకుంటే మోసపోతాం.

60 మిల్లీలీటర్ల లోపు ద్రవాలకు, 30 గ్రాముల లోపు క్రీములకు ఈ జాబితా తప్పనిసరి కాదు. కొత్తది కొనేటప్పుడు జాబితా ఉన్న ప్యాకే అడిగి తీసుకోండి.

3. పేర్లను మూడు కుప్పలుగా విడదీయండి

కడిగేవి: సోడియం లారిల్ సల్ఫేట్ గట్టిగా కడుగుతుంది, పొడి చర్మాన్ని ఇంకా పీకేస్తుంది. కోకమిడోప్రొపైల్ బీటెయిన్, డెసిల్ గ్లూకోసైడ్ మెత్తగా కడుగుతాయి.

తేమ నిలిపేవి: గ్లిజరిన్, హయలురోనిక్ యాసిడ్ నీటిని పట్టి ఉంచుతాయి. సెరమైడ్లు మన చర్మంలో సహజంగా ఉండే కొవ్వులే. దెబ్బతిన్న పై పొరను సరిచేస్తాయి. పెట్రోలేటమ్, అంటే తెల్ల పెట్రోలియం జెల్లీ, ఉన్న తేమను బయటికి పోనివ్వదు. పగిలిన మడమలకు 10 శాతం యూరియా ఉన్న క్రీము బాగా పనిచేస్తుంది. చేలో చల్లే యూరియా, ఇదీ రసాయనపరంగా ఒకటే. అయినా బస్తాలోది మాత్రం ఒంటికి రాయకూడదు. అది అందుకు శుద్ధి చేసింది కాదు. కొబ్బరినూనె ఒంటికి మంచిదే గానీ, మొటిమలొచ్చే మొహానికి పనికిరాదు.

మార్పు తెచ్చేవి: డబ్బులు ఎక్కువ పోసేది వీటికే. అందుకే వీటి శాతం చూడాలి.

4. మార్పు తెచ్చే పదార్థాలు, వాటి పని

నియాసినమైడ్ (బి3 విటమిన్), 2 నుంచి 5 శాతం: జిడ్డు తగ్గిస్తుంది, మచ్చలు మెల్లగా పలచబరుస్తుంది. కొత్తవాళ్ళు మొదలుపెట్టడానికి ఇదే మంచిది. 10 శాతమని రాసి ఉందని రెట్టింపు ఫలితం రాదు. కొందరికి మంట వస్తుంది.

సాలిసిలిక్ యాసిడ్, 0.5 నుంచి 2 శాతం: నూనెలో కరుగుతుంది. అందుకే జిడ్డుతో మూసుకున్న రంధ్రాల్లోకి దిగి శుభ్రం చేస్తుంది. మొటిమలకు, ముక్కు మీద నల్ల చుక్కలకు మంచిది.

విటమిన్ సి (ఆస్కార్బిక్ యాసిడ్), 10 నుంచి 20 శాతం: ఎండ చేసే నష్టాన్ని కొంత అడ్డుకుంటుంది, మచ్చలకు సాయపడుతుంది. గాలి, వెలుతురు తగిలితే పాడవుతుంది. ముదురు రంగు సీసాలో ఉన్నదే తీసుకోండి. ద్రవం గోధుమ రంగుకు తిరిగితే పారేయండి.

అజెలాయిక్ యాసిడ్: మొటిమలకు, అవి మిగిల్చిన మచ్చలకు రెండిటికీ. గర్భిణులకు సాధారణంగా డాక్టర్లు రాసేవాటిలో ఇదొకటి.

రెటినాల్ (ఏ విటమిన్ రకం): ముడతలకు, మొటిమలకు. ఒక శాతం లోపే పనిచేస్తుంది కాబట్టి జాబితా చివర ఉన్నా తప్పు లేదు. రాత్రిపూట మాత్రమే రాయాలి. గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవాళ్ళు వాడకూడదు.

ఇక్కడ మన సున్నిపిండిలో వేసే బావంచాల గురించి చెప్పాలి. ఆ గింజల్లోని బకుచియోల్ అనే పదార్థాన్ని 1966లో పుణె నేషనల్ కెమికల్ లేబరేటరీ శాస్త్రవేత్తలు వేరుచేశారు. 44 మందిపై 12 వారాలు చేసి, 2019లో ప్రచురించిన ఒక పరీక్షలో 0.5 శాతం బకుచియోల్ ముడతల మీద రెటినాల్‌తో సమానంగా పనిచేసింది. చర్మం పొట్టు లేవడం తక్కువ. ఇప్పుడు సీరం సీసాల మీద కనిపించే పేరు అదే. అయితే గింజలో సోరాలెన్ కూడా ఉంటుంది. అది చర్మానికి ఎండ ఎక్కువగా తాకేలా చేస్తుంది. అందుకే బొల్లి వైద్యంలో వాడతారు. శుద్ధి చేసిన బకుచియోల్ వేరు, బావంచాల పొడి వేరు. బావంచాలు ఎక్కువ వేసిన పిండి రుద్దుకుని ఎండలోకి వెళితే బొబ్బలెక్కే ప్రమాదముంది.

5. శాతం, ధర కలిపి లెక్కేయండి

5 శాతం నియాసినమైడ్ సీరం 30 మిల్లీలీటర్లు 600 రూపాయలైతే మిల్లీలీటరు 20 రూపాయలు పడింది. అదే 5 శాతం ఉన్న లోషన్ 50 మిల్లీలీటర్లు 250 రూపాయలైతే 5 రూపాయలే. పని ఒకటే అయినప్పుడు నాలుగు రెట్లు ఎందుకివ్వాలి? శాతం రాయని డబ్బా అయితే ఆ పేరు ఒక శాతం గీతకు ఎంత పైన ఉందో చూడండి.

6. ఈ పేర్లు కనిపిస్తే ఆగండి

బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్: ఇవి స్టీరాయిడ్లు. డాక్టరు చీటీ మీద, చెప్పినన్ని రోజులే వాడాల్సిన మందులు. 2018లో ప్రభుత్వం ఇలాంటి పూత మందులను చీటీ లేకుండా అమ్మకూడదన్న షెడ్యూల్ హెచ్ పరిధిలోకి గట్టిగా తెచ్చింది. అయినా ‘తెల్లబడే క్రీము’ అని చేతులు మారుతూనే ఉన్నాయి. మొదటి వారం మొహం తేటపడుతుంది. నెలలు గడిచేసరికి చర్మం పలచబడి ఎర్ర నరాలు తేలతాయి, మొటిమలు, అవాంఛిత వెంట్రుకలు వస్తాయి, మానేస్తే మంట. తామర మీద రాస్తే దురద ఆగినట్టే ఆగి, తామర ఇంకా పాకుతుంది.

పదార్థాల జాబితా, తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ లేని తెల్లబడే క్రీము ఎవరిచ్చినా వద్దనండి. అలాంటివాటిలో పాదరసం ఉండొచ్చు. 2021-23 మధ్య కేరళలోని మలప్పురం జిల్లాలో ఒకే రకం కిడ్నీ జబ్బుతో వచ్చిన 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవాళ్ళేనని అక్కడి డాక్టర్లు నమోదు చేశారు. మన రంగు జబ్బు కాదు. దాన్ని మార్చుకోవడానికి కిడ్నీలు పణంగా పెట్టాల్సిన అవసరం ఏ ఆడపిల్లకూ లేదు.

7. మొదలుపెట్టడం

కొత్తది ఏదైనా ముందు మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు చొప్పున వారం రాసి చూడండి. ఎర్రబడకపోతే మొహానికి వెళ్ళండి. ఒకసారికి ఒక్క కొత్త పదార్థమే. రెండు కలిపి మొదలుపెడితే ఏది పడలేదో తెలియదు. రెటినాల్, యాసిడ్లు వారానికి రెండు రాత్రులతో మొదలుపెట్టి పెంచండి. మొటిమలకైనా, మచ్చలకైనా 8 నుంచి 12 వారాలు ఓపిక పట్టాలి.

పగలు సన్‌స్క్రీన్ తప్పదు. అది లేకుండా మచ్చల మందులన్నీ వృథా. ఎస్‌పీఎఫ్ 30 ఎండలోని యూవీబీ కిరణాలను దాదాపు 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98. తేడా తక్కువే. కాబట్టి ధర చూసుకుని 30 తీసుకుని, మొహానికి, మెడకు రెండు వేళ్ళ పొడవునా తీసి రాయండి. డబ్బా మీద ‘పీఏ+++’ ఉండాలి; అది యూవీఏ కిరణాల నుంచి రక్షణకు గుర్తు. మంగు మచ్చలుంటే ఐరన్ ఆక్సైడ్ ఉన్న లేత రంగు సన్‌స్క్రీన్ ఎంచుకోండి. మామూలు వెలుతురు కూడా ఆ మచ్చలను ముదురుస్తుంది. చెరువు గట్టు మీద, చేలో పనిచేసేవాళ్ళు రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి, తలకు కండువానో టోపీయో ఉండాలి.

మూడు నెలలైనా తగ్గకపోయినా, చీము గడ్డలు వచ్చినా, స్టీరాయిడ్ క్రీము అలవాటై మానలేకపోతున్నా ఏలూరు, భీమవరం, తాడేపల్లిగూడెంలో చర్మవ్యాధి నిపుణులు ఉన్నారు. వెళ్ళేటప్పుడు ఇంట్లో వాడుతున్న ట్యూబులన్నీ, అయిపోయినవి కూడా, సంచిలో వేసుకుని వెళ్ళండి. సిగ్గుపడి ఒక్కటి దాచినా వైద్యం తప్పుదారి పడుతుంది.